పదో నెల వచ్చినా దోగాడకపోతే వాకర్ కొనాలా?

బాబుకి పదో నెల, కూర్చుంటాడు గానీ దోగాడటం లేదు, ఇంట్లోవాళ్ళు వాకర్ కొనమంటున్నారు, మెదడు ఎదుగుదల తక్కువేమోనని భయం అని రాశారు. నాలుగేళ్ళ కిందట ఇదే భయంతో రాత్రుళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చున్నదాన్ని నేను.

మా పాప అసలు దోగాడనేలేదండీ. డేకింది. ఒక చెయ్యి నేలకి ఆనించి, ఒక కాలు మడిచి, పిర్రల మీద జరుక్కుంటూ హాల్లోంచి వంటింట్లోకి వచ్చేసేది. కొన్న ప్రతి లాగూ వెనకాలే అరిగేది. పక్కింటావిడ "కాళ్ళలో సత్తువ లేదేమో" అనడం ఆలస్యం, మా పిన్ని వాకర్ పట్టుకొచ్చింది. మూడో రోజు పాప దాంతో దూసుకెళ్ళి వంటింటి గడపకి కొట్టుకుని ముందుకి పడింది. పెదవి చిట్లడంతో సరిపోయింది. ఆ సాయంత్రమే వాకర్‌ని అటకెక్కించాం. కెనడాలో అయితే వాటి అమ్మకాన్నే 2004లో నిషేధించారు. దెబ్బల సంగతి అటుంచండి, అందులో కూర్చున్న బిడ్డ మునివేళ్ళతో నేలని నెట్టుకుంటూ పోతుందే తప్ప తన బరువు తను మోయదు. తూలడం, ఆపుకోవడం ఉండవు. మరి నిలదొక్కుకోవడం ఎక్కడ నేర్చుకుంటుంది?

పిల్లల డాక్టరు గారు కాళ్ళకన్నా ముందు చేతులు చూశారు. "ఇడ్లీ ముక్క పెడితే ఎలా తీసుకుంటుంది?" అని అడిగారు. ఇంటికొచ్చి గమనించాను. ఎనిమిదో నెలలో గుప్పిటతో పట్టి, వేళ్ళ సందుల్లోంచి పిండి బయటికొచ్చేలా నలిపేసిన పిల్ల, ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న తునకని కూడా ఏరుకుంటోంది. మెదడుకీ వేళ్ళకీ మధ్య దారి బాగానే పడుతోందన్నమాట. కండరాల మీద అదుపు పైనుంచి కిందకి వస్తుందట: ముందు మెడ, తర్వాత నడుము, చివరికి కాళ్ళు.

ఇంకో మాట కూడా అడిగారు, "మీ ఇళ్ళల్లో ఎవరైనా ఇలా డేకారా?" అని. మా అత్తయ్య తాపీగా "మావాడూ అంతేగా, ఏడాదిన్నరకి గానీ నడవలేదు" అంది. ఆ ముక్క ముందే చెబితే నాకు రెండు నెలల నిద్ర మిగిలేది! కొన్ని కుటుంబాల్లో ఇది వస్తుందట, డేకే పిల్లలు నడక కాస్త ఆలస్యంగా మొదలుపెడతారట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లల్ని, అందులో మన ఢిల్లీ పిల్లల్నీ, గమనించి 2006లో ప్రకటించిన లెక్క చూడండి. దోగాడటం 5 నుంచి 13న్నర నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సొంతంగా నడవడం 8 నుంచి 17న్నర నెలల మధ్య. నూటికి నలుగురైదుగురు దోగాడకుండానే నడకలోకి వచ్చేశారు.

మేం చేసిందల్లా బొంత పరిచి కింద వదలడమే. చంకనెత్తుకోవడం తగ్గించాం. స్టీలు గిన్నె చేతికి అందీ అందనంత దూరంలో పెట్టేదాన్ని. మంచం కోడు పట్టుకుని లేవడం మొదలుపెట్టాక మా మావయ్య పాతకాలపు మూడు చక్రాల చెక్కబండి తెచ్చారు. అది నాకు నచ్చింది, బిడ్డ తన కాళ్ళ మీద తనే నిలబడి తోయాలి కదా. పక్కన మనిషి మాత్రం ఉండాల్సిందే. పదిహేడో నెలలో నడిచింది, అరిసెలు అత్తయ్య పదిహేనో నెలలోనే వండేసింది.

అయితే ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతున్నా, ఒళ్ళు కర్రలా బిగుసుకున్నా, గుడ్డపీలికలా వేలాడినా, వచ్చిన పని మానేసినా, 18 నెలలకీ నడవకపోయినా ఆగకండి. పిల్లల డాక్టరుకి చూపించండి. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లోని డీఈఐసీల్లో, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రాల్లో, ఈ పరీక్షలు ఉచితమే.

మీవాడు కూర్చుని ముందుకి వంగి బొమ్మ అందుకుని, మళ్ళీ తనంతట తనే నిటారుగా అవుతున్నాడా? అదొక్కటీ మీరు రాయలేదు.