కొబ్బరిపిండి అట్లు విరక్కుండా రావాలంటే

చి. ల. సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆయన షుగర్ కోసం వేసిన కొబ్బరిపిండి అట్టు తిరగేయబోతే ముక్కలైపోయిందని, పెనం ముందే కూర్చుని ఏడ్చేశానని చెప్పావు. మీ పెదనాన్నకి షుగర్ వచ్చిన కొత్తలో నా పనీ అంతే. గోధుమపిండి కలిపినట్టే గ్లాసుడు కొబ్బరిపిండి తీసుకుని నీళ్లు పోస్తూ పోయాను. పోసినవన్నీ తాగేసి, చివరికి తడిసిన రంపపుపొట్టులా తయారైంది. కోళ్లకి వేస్తే అవీ ముట్టలేదు.

గోధుమపిండి సాగుతుంది, మినప్పిండికి జిగురుంటుంది. కొబ్బరిపిండికి ఆ రెండూ లేవు, ఉన్నదల్లా పీచు. అట్టుని పట్టి ఉంచేది గుడ్డే. అందుకే కొలత గుడ్లతో మొదలుపెట్టు. రెండు గుడ్లకి రెండు పెద్ద చెంచాల పిండి, రెండు మూడు చెంచాల కొబ్బరిపాలు, ఉప్పు. గుడ్లు బాగా గిలకొట్టాకే పిండి వెయ్యి. కలిపి పది నిమిషాలు వదిలెయ్యి, పీచు తడి పీల్చుకుంటుంది. అప్పుడు గట్టిగా అనిపిస్తే ఇంకో చెంచా పాలు పొయ్యి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర నీ ఇష్టం.

పెనమంతా పరవకు. అరచేతిలో సగం ఉండాలి, అంతే. మూతపెట్టి సన్నసెగ మీద కాల్చు. పైన తడి ఆరి, అంచులు పెనం వదిలాకే అట్లకాడ పెట్టు. నీకు తొందరెక్కువ, అక్కడే విరుగుతుంది.

బయట కొబ్బరిపిండి ధర చూసి గుండె ఆగినంత పనైంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పక్కన పెట్టుకుని మనం పాకెట్లు కొనడమేంటి? కోరు రుబ్బి పాలు పిండాక మిగిలే పిప్పిని పారబొయ్యకు. పళ్లెంలో పల్చగా పరిచి గలగలలాడేదాకా ఎండబెట్టి, మిక్సీలో ఆపి ఆపి తిప్పి జల్లించుకో. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్ద కడుతుంది. ఇంటి పిండి కాస్త బరకగా ఉంటుంది, నీళ్లు తక్కువే పీలుస్తుంది. గానుగలో మిగిలే చెక్క వేరు సుమా, అది గేదెల మేత.

బాదంపొడితో పని సులువు, ఖర్చెక్కువ. నూనె ఎక్కువ కాబట్టి తొందరగా మాడుతుంది. కొబ్బరిపిండికి బదులు వేస్తే నాలుగింతలు వెయ్యాలి.

రాగిపిండి సంగతి అడిగావు. మంచిదే, కాదనను. కానీ 100 గ్రాముల్లో 65 గ్రాములకి పైనే పిండిపదార్థం ఉంటుంది, బియ్యంలో 78 దాకా. అది లో-కార్బ్, అంటే పిండిపదార్థం తక్కువ అని ఎవరన్నా చెబితే నవ్వి ఊరుకో. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మన వైపు కడుపు నిండటమంటే అన్నమే కదా, అన్నం కానిదల్లా పథ్యంలా కనిపిస్తుంది మనకి.

శనివారాలు, కార్తీకమాసం గుడ్డు ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో బియ్యం కలపని పెసరట్టు వెయ్యి. పెసల్లోనూ దాదాపు సగం పిండిపదార్థమే, అందుకని ఒకటి, మహా అయితే రెండు. అల్లప్పచ్చడిలో మాత్రం బెల్లం వెయ్యకు. అట్టు మార్చి పచ్చడి మార్చకపోతే ఏం లాభం? మీ పెదనాన్న అలాగే నన్ను మూడు నెలలు మోసం చేశారు.

మీ ఆయన షుగర్ మాత్రలు వేసుకుంటున్నాడు కదా, ఉదయం అన్నం, ఇడ్లీ ఒక్కసారిగా మానేసే ముందు డాక్టరుకి చెప్పండి. తిండి తగ్గి మాత్ర అంతే ఉంటే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. తిన్న రెండు గంటలకి మీటరు పెట్టి చూస్తే ఏ అట్టు పడుతుందో మీకే తెలుస్తుంది.

ఈ వారం ఎండ బాగుంది, పిప్పి ఆరబెట్టాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు తడిలేని సీసా ఒకటి తెచ్చుకో. పోయినసారి పట్టుకెళ్లిన నా స్టీలు డబ్బా కూడా.

ఇట్లు,
మీ పెద్దమ్మ