హీటర్ కోర్‌కి పద్నాలుగు వేలు, అప్పు యాభై వేలా?

పెందుర్తి నుంచి ఒకాయన రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించాను.

"నాకు 38 ఏళ్లు. సొంత పికప్ బండి, ఐదేళ్లది. వారానికి మూడు ట్రిప్పులు అరకు వైపు వెళ్లి కూరగాయలు, అల్లం ఎత్తుకొచ్చి వైజాగ్ రైతుబజార్లలో దింపుతాను. మధ్యలో అనకాపల్లి బెల్లం లోడ్లు. డీజిలు, బండి వాయిదా 13,400 పోను నెలకు 36,000 దాకా మిగులుతుంది. వాయిదాలు ఇంకా 11 ఉన్నాయి. ఇంటి ఖర్చు 24,000, చీటీ 8,000. రెండు నెలలుగా క్యాబిన్‌లో తీపి వాసన వస్తోంది. బెల్లం వాసన అనుకున్నాను. తర్వాత ఎడమవైపు కాళ్ల కింద పట్టా తడిసింది. ఏసీ నీళ్లు అనుకున్నాను. ఇప్పుడు ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుగా ఆవిరి పడుతోంది. రోజూ కూలెంట్ డబ్బాలో లీటరు నీళ్లు పోసి నడుపుతున్నాను. ఆటోనగర్ మెకానిక్ చూసి హీటర్ కోర్ పోయిందన్నాడు. డాష్‌బోర్డు మొత్తం విప్పాలట. సామాను 4,500, కూలి 5,500, కూలెంటూ గొట్టాలూ క్లిప్పులూ 1,800, ఏసీ గ్యాస్ మళ్లీ ఎక్కించడానికి 2,200. మొత్తం 14,000. చేతిలో డబ్బు లేదు. ఫోన్‌లో ఒక లోన్ యాప్ ఐదు నిమిషాల్లో 50,000 ఇస్తానంటోంది. 46,500 చేతికొస్తుంది, నెలకు 5,050 చొప్పున 12 నెలలు కట్టాలి. హీటర్ చేయించి, రెండు టైర్లు మార్చి, మిగిలింది చీటీకి కట్టేద్దామని ఉంది. లేదంటే డైలీ ఫైనాన్స్ వాళ్లున్నారు. ఏది మంచిది?"

ఏదీ మంచిది కాదు. మీకు అసలు అప్పే అక్కర్లేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి నెలా వస్తాయి. ఒకరికి క్లచ్ ప్లేట్లు, ఇంకొకరికి సెల్ఫ్ మోటారు, మీకు హీటర్ కోర్. సామాను పేరు మారుతుంది, కథ మారదు. ఐదేళ్లలో బండి మీద మీరు కట్టిన వాయిదాలు లక్షల్లో ఉంటాయి. ఒక్క నెల తప్పి ఉండరు. అదే బండి కోసం పక్కన పెట్టుకున్నది మాత్రం సున్నా. డబ్బంతా ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఉంది. చీటీలో ఉంది, బండిలో ఉంది, ఇంట్లో ఆడవాళ్ల మెడలో ఉంది. చేయి పెడితే అందే చోట లేదు.

ముందు బండి సంగతి. నేను మెకానిక్‌ని కాను. కానీ మీ ఉత్తరం పట్టుకుని ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్దాయన్ని అడిగాను. హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డు వెనక ఉండే బుల్లి రేడియేటర్. ఇంజనును చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, ఇంజను వేడికి కాగి అందులోంచి తిరుగుతుంది, వెనక నుంచి బ్లోయర్ గాలి కొడుతుంది, వెచ్చని గాలి క్యాబిన్‌లోకి వస్తుంది. అది కారితే తీపి వాసన, తడిసిన పట్టా, అద్దం మీద జిడ్డు ఆవిరి. మీరు రాసినవి మూడూ దాని లక్షణాలే. సామాను ఖరీదు పెద్దదేం కాదు, దాన్ని చేరుకోవడానికే డబ్బంతా. స్టీరింగూ డాష్‌బోర్డూ విప్పి, ఏసీ కాయిల్ కూడా ఉన్న ఆ పెట్టెను బయటికి తీయాలి. అందుకే ఏసీ గ్యాస్ ఖర్చు కూడా వచ్చింది. మీ మెకానిక్ చెప్పిన లెక్కలో మోసమేమీ కనిపించలేదు.

మోసమంతా రోజూ లీటరు నీళ్లు పోసి నడపడంలో ఉంది, అదీ మిమ్మల్ని మీరే చేసుకుంటున్న మోసం. ఆ లీటరు ఎక్కడికి పోతోంది? పట్టా మీదికే. అనంతగిరి ఘాట్‌లో లోడుతో ఎక్కుతుండగా ఒకరోజు నీళ్లు తగ్గిపోతే, టెంపరేచర్ ముల్లు చూసేలోపే ఇంజను ఉడికిపోతుంది. అప్పుడు హెడ్, అంటే ఇంజను పైభాగం, దించాలి. హెడ్ గాస్కెట్, ఫేసింగు, ఇంకా లోపల ఏం కాలిందో అది. పద్నాలుగు వేలకు ఎన్ని రెట్లవుతుందో మీ మెకానిక్‌నే అడగండి. పైగా బండి రెండు వారాలు షెడ్డులో ఉంటుంది, వాయిదా మాత్రం తేదీకి వస్తుంది. మీరు పోసేది బోరు నీళ్లే అయితే ఇంకో దెబ్బ. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందు ఉంటుంది. నీళ్లు పోసిన కొద్దీ అది పలచబడి, రేడియేటర్‌లో కూడా తుప్పు, గార మొదలవుతాయి. ఎవరో ఒకరు రేడియేటర్‌లో పసుపు పోయమని కూడా చెబుతారు. వద్దు. ఆ పసుపు కారే చోట ఒక్కటే పట్టుకోదు, మంచి గొట్టాల్లోనూ పేరుకుంటుంది.

అయితే రేపే పద్నాలుగు వేలు పెట్టాలా? అక్కర్లేదు. హీటర్‌కి వెళ్లే గొట్టం, తిరిగొచ్చే గొట్టం రెండూ ఇంజను గదిలోకే వస్తాయి. వాటిని కోర్ నుంచి ఊడదీసి, మధ్యలో చిన్న ట్యూబు పెట్టి ఒకదానితో ఒకటి కలిపి క్లిప్పులు బిగిస్తే కూలెంట్ హీటర్‌లోకి పోకుండా నేరుగా తిరుగుతుంది. లైన్ బైపాస్ చేయమంటే మెకానిక్‌కి అర్థమవుతుంది. రెండు గొట్టాలకీ బిరడాలు కొట్టించకండి, కలిపించండి, ఎందుకంటే కొన్ని ఇంజన్లలో ఆ తిరుగుడు ఆగకూడదు. ఖర్చు వందల్లోనే. తర్వాత పాత నీళ్లు దించేసి సరైన కూలెంట్ నింపించండి. కారడం ఆగుతుంది.

హీటర్ లేకుండా వైజాగ్‌లో నడపడానికి ఇబ్బందేముంది? మే నెలలో ఇక్కడ హీటర్ ఎవరికి కావాలి! కానీ మీ బతుకు అరకు రోడ్డు మీద ఉంది. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున ఘాట్‌లో పొగమంచు ఎలా ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు అద్దం తుడవడానికి వెచ్చని గాలి కావాలి. అందాకా ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పుకుంటే ఆవిరి చాలావరకు పోతుంది, ఏసీ గాలిలో తడిని లాగేస్తుంది కాబట్టి. అంటే మీకు చలి ముదిరేదాకా టైముంది. అప్పు అక్కర్లేదని నేను అన్నది ఈ టైము చూసే.

నెలకు 12 ట్రిప్పులు. ట్రిప్పుకు 500 పక్కన పెట్టండి. ఇంటికొచ్చాక మిగిలితే పెడదామంటే మిగలదు. రైతుబజార్‌లో లోడు దింపి కిరాయి చేతికందగానే, టీ కూడా తాగకముందే తీసేయాలి. నెలకు ఆరు వేలు. రెండున్నర నెలల్లో పదిహేను వేలు. ఆరు వేలు ఎక్కడి నుంచి అంటారేమో. మీ లెక్కే చూడండి: 36,000లో ఇల్లు 24,000, చీటీ 8,000 పోతే ఇంకా 4,000 మిగలాలి. అవి ఎటు పోతున్నాయో మీ ఉత్తరంలో లేదు. మీకూ తెలిసుండదు. మిగతా రెండు వేలు ఇంటి ఖర్చులోంచి తగ్గించుకోవాలి, తప్పదు.

ఇప్పుడు ఆ యాప్ సంగతి. నెలకు 1.77 శాతమే అని పెద్ద అక్షరాల్లో చూపించి ఉంటుంది. యాభై వేల మీద పన్నెండు నెలలకు ఆ వడ్డీ వేస్తే 10,600 అవుతుంది, అసలుతో కలిపి నెలకు 5,050. కానీ మీ చేతికి వచ్చేది 46,500. పైగా ప్రతి నెలా కొంత అసలు తీర్చేస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న యాభై వేల మీదే పడుతోంది. విప్పి చూస్తే నెలకు నూటికి నాలుగుంపావు రూపాయలకు పైగా. ఏడాదికి నూటికి యాభై దాటింది. మన ఊళ్లో నాలుగు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ని ఏమంటారో మీకు తెలుసు. ఫోన్‌లో వస్తే మాత్రం సదుపాయం అంటున్నాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అప్పు ఇచ్చేముందే మొత్తం ఖర్చును ఏడాది శాతంగా లెక్కగట్టి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూపించాలి. ఆ కాగితం తెరిచి ఆ ఒక్క అంకె చదవండి. అది చూపించని యాప్ అయితే ఫోన్‌లోంచి వెంటనే తీసిపారేయండి.

అసలు పద్నాలుగు వేల పనికి యాభై వేలు ఎందుకు? ఇస్తానన్నారు కాబట్టి. టైర్లు గుర్తొచ్చాయి, చీటీ గుర్తొచ్చింది. నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చి చీటీ కట్టడమేంటి స్వామీ? ఆ చీటీలో మీకు వచ్చే లాభమెంత?

డైలీ ఫైనాన్స్ అంతకంటే ఘోరం. మామూలుగా నడిచే లెక్క ఇది: పదివేలు అని రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పోయేది పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ మర్నాటి నుంచే తిరిగి కడుతున్నారు కాబట్టి ఆ ఎనిమిదిన్నర వేలు మీ దగ్గర వంద రోజులు ఉండనే ఉండవు. కట్టి చూడండి, నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ పడుతుంది. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల బండ్ల మీద బతికేవాళ్లను ఏళ్లతరబడి ఈ వంద రూపాయల పుస్తకం వదలకపోవడం చూశాను. ఒక పుస్తకం తీర్చడానికి ఇంకో పుస్తకం తెరుస్తారు.

మరీ ఆగలేని పరిస్థితి వస్తే, అంటే బైపాస్ కుదరదని మెకానిక్ చెబితే, బ్యాంకులో చిన్న నగ ఒకటి కుదువపెట్టి ఆ పద్నాలుగు వేలే తెచ్చుకోండి, ముప్పావలా, రూపాయి వడ్డీలో తేలిపోతుంది. మీ ఆవిడ డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ అడగండి. బండి మీద టాప్‌అప్ లోన్ మాట ఎత్తకండి, ఇంకా పదకొండు వాయిదాల్లో తీరిపోయే అప్పును మళ్లీ మూడేళ్లు సాగదీసుకున్నట్టే. చీటీ పాడుకుందామా అనుకోవచ్చు. అవసరం మొహం మీద కనబడేవాడే ఎక్కువ తగ్గించి పాడతాడు, అంతకంటే చెప్పను.

బండి ఇన్సూరెన్స్ ఇస్తుందా అని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. ఇవ్వదు. వాడకంలో అరిగిపోయినవి, మెకానికల్ లోపాలు మామూలు పాలసీలో రావు. పాలసీ తీసినప్పుడు ఒకటి మాత్రం చూసుకోండి, ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా అందులో ఉందో లేదో. మీతో సాయానికి వచ్చే కుర్రాడెవరైనా ఉంటే, అతనికి పద్దెనిమిది నిండి, బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, అంటే ప్రమాద బీమా, చేయించండి. రెండు లక్షల కవరు, మీ ఇద్దరి టీ ఖర్చుతో అయిపోతుంది.

హీటర్ పని అయ్యాక ఆ 500 ఆపేస్తారు. నాకు తెలుసు, అందరూ అక్కడే ఆపేస్తారు. మీరు ఆపకండి. బండి ఒక్క కిలోమీటరు తిరగకపోయినా మీకు నెలకు 13,400 వాయిదా, 24,000 ఇల్లు, 8,000 చీటీ, మొత్తం 45,400 కావాలి. దానికి పైన రిపేరు. కాబట్టి చేయి పెడితే అందే చోట ఉండాల్సినది, నేను చెప్పే అంకె 75,000. ట్రిప్పుకు 500 చొప్పున ఏడాదికి పైనే పడుతుంది. కానీ పదకొండు నెలల తర్వాత వాయిదాలు అయిపోతాయి కదా. ఆ మొదటి నెల 13,400 చేతిలో మిగులుతుంది, ఎవరో ఒకరు కొత్త ఫోన్ అంటారు, షోరూమ్ వాడు పెద్ద బండికి ఎక్స్ఛేంజ్ అంటాడు. వాయిదా ఇంకో మూడు నెలలు ఉందనుకుని అదే తేదీకి అదే మొత్తాన్ని ఈ డబ్బులో కలిపేయండి. 75,000 దాటేస్తారు.

ఈ డబ్బుకు ఖాతా వేరేగా ఉండాలి. మీరు రోజూ డీజిలుకు స్కాన్ చేసే ఖాతా కాకూడదు. ఫోన్‌పే, గూగుల్‌పేలకు లింకు చేయొద్దు, కార్డు ఇంట్లో ఆవిడ దగ్గర పెట్టండి. ఐదు వేలు మాత్రం నోట్ల రూపంలో ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మీరు ఇక్కడే ఉండి ఉంటే ఎందుకో చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పని చేయలేదు. పాల ప్యాకెట్టుకు నోటు కావాల్సొచ్చింది.

డాష్‌బోర్డు విప్పి పని చేసే రోజు హీటర్ గొట్టాలు, క్లిప్పులు పాతవి మళ్లీ బిగించనివ్వకండి, రెండువందలకు చూసుకుంటే మళ్లీ కారడం మొదలవుతుంది. పాత కోర్ చూపించమనండి. కూలెంట్ పోసేటప్పుడు పక్కనే నిలబడి, డిస్టిల్డ్ వాటర్‌తో సరైన పాళ్లలో కలిపారో లేదో చూడండి. ఇక తడిసిన ఆ పట్టా. దాన్ని ఇంటి వాకిట్లో ఆరేయకండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, కుక్కలు తిరిగే చోటు కాకుండా షెడ్డులోనే కడిగించి తెచ్చుకోండి.