కరెంటాఫీసు తాబేలు

ప్రశ్న: అమ్మా, నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ని. మూడేళ్లుగా మాంత్రికుల నవల ఒకటి రాస్తున్నాను. నైట్ డ్యూటీలో గంటగంటకీ రీడింగులు, మధ్యలో నవల. ఫీడర్, అంటే ఊళ్లకి కరెంటు మోసే లైను, ట్రిప్పయి ఆగిపోతే ఫోన్లు మోగుతాయి, కథ ఎగిరిపోతుంది. ఇప్పటికి 62 పేజీలే అయ్యాయి. ఉద్యోగం మానేస్తే తప్ప పూర్తి కాదనిపిస్తోంది. ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మానకండి బాబూ. ఈ ఒక్క ముక్కా ఇంట్లోవాళ్లకి చూపించి, మిగతాది తీరిగ్గా చదువుకోండి.

మీ ఉత్తరం చూడగానే నాకు గుర్తొచ్చినాయన కూడా కరెంటువాడే. టెర్రీ ప్రాచెట్ అని, ఇంగ్లండు రచయిత. పదిహేనేళ్లకే, 1963లో, ఒక పత్రికలో కథ అచ్చయితే ఆ డబ్బుతో పాత టైప్‌రైటర్ కొనుక్కున్నాడు. పదిహేడేళ్లకి బడి మానేసి స్థానిక పత్రికలో విలేకరిగా చేరాడు. మొదటి నవల 1971లో వచ్చింది. అయినా ఉద్యోగం వదల్లేదు. 1980 ప్రాంతంలో అక్కడి కరెంటు బోర్డులో ప్రెస్ ఆఫీసరయ్యాడు. ఆయన చూసుకునేవాటిలో అణువిద్యుత్ కేంద్రాలున్నాయి. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణుకేంద్రంలో ప్రమాదం 1979లో జరిగింది కదా, ఆ వేడి చల్లారకముందే ఈ కుర్చీలో కూర్చున్నాడు. విలేకరులు ఏ వేళప్పుడు ఏం అడిగినా సర్దిచెప్పాలి. మీ ఫోన్లు నయం.

పగలంతా అది చేసి, రాత్రి ఇంట్లో 400 మాటలు రాసేవాడు. అంతే లెక్క. ఒక రాత్రి నవల అయిపోయింది, కానీ చూసుకుంటే ఆ రోజు వాటాలో ఇంకా వంద మాటలు బాకీ. ఇంకొకళ్లయితే భార్యని లేపి కాఫీ అడిగేవాళ్లు. ఈయన టైప్‌రైటర్‌లో కొత్త కాగితం ఎక్కించి, తరవాతి నవలకి మొదటి వంద మాటలు కొట్టి పడుకున్నాడు. మన తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి మీకు 250 చాలు. అది కూడా ఎక్కువనిపిస్తే 100 రాయండి, కానీ రోజూ రాయండి.

డిస్క్‌వరల్డ్ అనే ఆయన కల్పిత ప్రపంచం మీద మొదటి పుస్తకం 1983లో వచ్చినప్పుడు ఇంగ్లండులో వేసింది ఐదొందల చిల్లర ప్రతులు. బీబీసీ రేడియోలో చదివి వినిపించాక జనం నోట్లో పడింది. ఆ వరసలో నాలుగు పుస్తకాలు రాసి, ఇక రాబడి నిలుస్తుందని నమ్మకం కుదిరాకే, 1987లో రాజీనామా ఇచ్చాడు. మొదటి కథకీ రాజీనామాకీ మధ్య 24 ఏళ్లు.

నేను అలా లెక్క చూసుకోలేదు. ఒక వారపత్రికవాళ్లు నా సీరియల్ తీసుకున్నారని టైపిస్టు ఉద్యోగం మానేశాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిది. పదకొండో వారం పత్రిక మూతపడింది. పోస్ట్‌మాన్ తెచ్చిన మనియార్డర్లు మొత్తం రెండు. రెండోది తీసుకుంటూ, ‘మళ్లీ ఎప్పుడండీ?’ అని నేనే ఆయన్ని అడిగాను, పాపం. రాయని వారాలకని ముందే రాసుకున్న పన్నెండు ప్రకరణాలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఇంకో సంగతి. ప్రాచెట్ ప్రపంచం పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు మోస్తాయి, ఆ ఏనుగుల్ని ఒక మహా తాబేలు. మనవాళ్లు దిక్కుకొకటి చొప్పున ఎనిమిది దిగ్గజాల్ని పెట్టారు, ఆయన నాలుగుతో సరిపెట్టాడు. శ్రీకూర్మం మీ జిల్లాలోనే ఉంది, తాబేలు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ తాబేలు మీద ఊళ్లో ఏముంటాయో చూడండి: పోస్టాఫీసు, బ్యాంకు, పత్రికాఫీసు, రాత్రి గస్తీ తిరిగే పోలీసులు. మాంత్రికుల విశ్వవిద్యాలయంలో మంత్రాలకన్నా భోజనాల మీద ధ్యాస ఎక్కువ. అవన్నీ ఆఫీసుల్లో పనిచేసినవాడికి తెలిసే సంగతులు. మీ 62 పేజీల్లో ఒక్క ఫీడరైనా ఉందా? 2018లో తిత్లీ తుపానుకి మీ జిల్లాలో స్తంభాలు నేలకూలి, ఊళ్లకి ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. అలాంటి రాత్రి కంట్రోల్ రూములో ఒంటరిగా ఉన్న మనిషికి మాంత్రికుడు ఎలా కనిపిస్తాడో మీరు రాయాలిగానీ, ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఏం రాస్తారు?

ప్రశ్న: ప్రాచెట్ మతిమరుపు జబ్బుతోనే చివరి నవలలు రాశాడంటారు. నిజమేనా మేడమ్?

జవాబు: నిజమేనమ్మా. అల్జీమర్స్‌లోనే అరుదైన రకం. 2007 డిసెంబరులో ఆయనే బయటపెట్టాడు, అప్పటికి వయసు 59. ఆ రకంలో మాటలు తొందరగా పోవు, ముందు చూపుకీ చేతికీ పొంతన పోతుంది. టైపు కొట్టడం చేతకాకుండా పోయింది. నోటితో చెబుతుంటే సహాయకుడో కంప్యూటరో రాసుకునేది. అలాగే నవలలు పూర్తి చేశాడు. డిస్క్‌వరల్డ్ నవలలు మొత్తం 41 అయ్యాయి. 2015 మార్చి 12న పోయాడు.

సగంలో ఆగినవన్నీ ఉన్న హార్డ్ డిస్కుని రోడ్డు రోలరుతో తొక్కించమని ఆయన కోరిక. 2017లో ఆవిరి రోలరు తెచ్చి నిజంగానే తొక్కించారు. కింద పెట్టిన రాళ్లు నుగ్గయ్యాయిగానీ డిస్కు ఓ పట్టాన చావలేదట. చివరికి రాళ్లు పిండికొట్టే మిషన్లో వేశారు. నా ట్రంకుపెట్టె సంగతి మా అబ్బాయికి ఇంకా చెప్పలేదు. వాడికి తెలిసిన రోలరు వాడెవడైనా ఉన్నాడేమో అడగాలి.