చిన్న ఎక్స్‌ఛేంజర్ కావాలంటే ముందు నీటిని చూడండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర చిన్న పాల కేంద్రం. సేకరించిన పాలను ఆవిరి తొట్టెలో 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచి, తర్వాత బోరు నీటి డ్రమ్ములో ముంచిన స్టీలు గొట్టపు చుట్ట గుండా పంపి చల్లార్చి, ఆపైన ఇంకా చల్లబరిచే యంత్రమైన చిల్లర్‌లోకి వదులుతున్నాము. గంటకు 1000 లీటర్లు చల్లారాలి. బోరు నీరు 28 డిగ్రీలు ఉంటుంది. చుట్ట చాలడం లేదు, షెడ్డులో జాగా లేదు. ఒక అమ్మకందారు చేతిసంచీ అంత ప్లేట్ల ఎక్స్‌ఛేంజర్ (పలుచని ప్లేట్లకు ఇరువైపులా పారే రెండు ద్రవాల మధ్య వేడిని మార్చే యంత్రం) చూపించి, ఇది చాలునంటున్నారు. నమ్మవచ్చునా? లెక్క ఎలా చూసుకోవాలి?

జవాబు: నమ్మవచ్చును, కానీ లెక్క చూసి, మీ బోరు నీటిని పరీక్ష చేయించిన తర్వాతనే. ముందు లెక్క చెబుతాను.

గంటకు 1000 లీటర్ల పాలంటే సుమారు 1030 కిలోలు, అంటే సెకనుకు 0.286 కిలో. కిలో పాలు ఒక డిగ్రీ చల్లారడానికి 3.9 కిలోజౌళ్ళ వేడిని వదలాలి. 63 నుంచి 33 డిగ్రీలకు దింపాలనుకుంటే ఆ వేడి మొత్తం 33.5 కిలోవాట్లవుతుంది. ఈ వేడిని గంటకు 2000 లీటర్ల బోరు నీటికి అప్పగిస్తే, ఆ నీరు 28 నుంచి 42.4 డిగ్రీలకు వేడెక్కి బయటికి వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పాలు 33 డిగ్రీలకు చల్లారుతున్నాయి, నీరు మాత్రం 42 డిగ్రీలు దాటి వేడెక్కుతున్నది. పాలూ నీళ్ళూ ఒకే వైపు నుంచి ప్రవేశించి ఒకే దిక్కుగా సాగితే ఇది ఎన్నటికీ సాధ్యం కాదు. ఎంత పెద్ద యంత్రం పెట్టినా రెండూ 39.4 డిగ్రీల దగ్గర కలిసి ఆగిపోతాయి. పాలు ప్రవేశించే చివర నుంచి నీరు బయటికి పోయేలా ఎదురు ప్రవాహం పెట్టినప్పుడు మాత్రమే చల్లారిన పాలకు చల్లని నీరు, వేడి పాలకు వేడెక్కిన నీరు ఎదురవుతాయి. పైపులు తారుమారుగా బిగించి, యంత్రం పనిచేయడం లేదని అమ్మకందారుతో తగువు పెట్టుకునేవారు తరచుగా కనిపిస్తారు కాబట్టి, బిగించిన రోజునే ఏ పైపు ఏ చివరకు వెళ్ళిందో చూసుకోవడం మంచిది.

ఎదురు ప్రవాహంలో వేడి చివర తేడా 20.6 డిగ్రీలు, చల్లని చివర 5 డిగ్రీలు. వీటి మామూలు సగటు 12.8 అయినా, తేడా దారి పొడుగునా సమానంగా తగ్గదు కనుక ఇంజనీర్లు లాగరిథమిక్ సగటు తీసుకుంటారు; అది 11 డిగ్రీలు. పాలకూ నీటికీ మధ్య ముడతలు పెట్టిన పలుచని ప్లేటు ఉంటే చదరపు మీటరుకు, డిగ్రీకి 2500 వాట్ల ఉష్ణ బదిలీని జాగ్రత్తతో కూడిన అంచనాగా తీసుకోవచ్చును. 33,500ను 2500తోను, 11తోను భాగిస్తే 1.22 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుంది. మీ డ్రమ్ములోని చుట్టకు ఈ ఉష్ణ బదిలీ గుణకం 400 దగ్గర ఉంటుందనుకుంటే, ఉష్ణోగ్రతల తేడా ఇంతే ఉన్నదని ఒప్పుకున్నా 7.6 చదరపు మీటర్లు కావాలి; 25 మిల్లీమీటర్ల గొట్టంలో అది సుమారు 97 మీటర్ల పొడవు. మీ చుట్ట ఎందుకు చాలడం లేదో దీనితో అర్థమవుతుంది.

పాలను మరో రెండు డిగ్రీలు తగ్గించి 31కి తేవాలనుకుంటే, చల్లని చివర తేడా 3 డిగ్రీలకు పడిపోయి, కావలసిన వైశాల్యం 1.62 చదరపు మీటర్లవుతుంది. రెండు డిగ్రీల కోసం మూడో వంతు ప్లేట్లు అదనంగా కొనాలన్నమాట. చిల్లర్ ఎలాగూ ఉన్నది కాబట్టి, ఆ రెండు డిగ్రీలను దానికే వదిలేయడం మేలని నా అభిప్రాయం. కరెంటు బిల్లు మరీ ఎక్కువగా వచ్చే చోట ఈ తీర్పు మారవచ్చును.

ఇప్పుడు ప్లేట్ల సంఖ్య. అమ్మకందారు చూపించిన ప్లేటులో వేడి మారే భాగం సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు ఉంటే ఒక్కొక్క ప్లేటు 0.05 చదరపు మీటరు ఇస్తుంది. 1.22కి 25 ప్లేట్లు సరిపోతాయి, రెండు చివరల ప్లేట్లకు ఒకవైపే ద్రవం తగులుతుంది కనుక అవి లెక్కలోకి రావు, మొత్తం 27 అని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు తప్పు జరిగేది ఇక్కడే. 27 ప్లేట్ల మధ్య 26 సందులుంటాయి. 13 పాలకు, 13 నీటికి. సందు 3 మిల్లీమీటర్లయితే, పాలు ఆ 13 సందులలోకీ ఒకేసారి చీలినప్పుడు వాటి వేగం సెకనుకు 7 సెంటీమీటర్లే ఉంటుంది. అంత మెల్లగా పారే ద్రవం ప్లేటును ఒరుసుకోదు. మనం అనుకున్న 2500 గుణకం రాదు, పైగా పాల మడ్డి త్వరగా అంటుకుంటుంది.

అందుచేత పాలను మూడేసి సందుల చొప్పున అయిదు దఫాలుగా అటూ ఇటూ తిప్పాలి. నీటికీ అదే అమరిక. అప్పుడు ఒక్కో ద్రవానికి 15 సందులు, మొత్తం 31 ప్లేట్లు, పనికి వచ్చే వైశాల్యం 1.45 చదరపు మీటర్లు. పాల వేగం సెకనుకు 0.31 మీటరు, నీటి వేగం 0.62 మీటరు అవుతాయి. 0.6 మిల్లీమీటర్ల మందం గల ప్లేట్లతో ఈ పేర్పు మందం 11 సెంటీమీటర్లు మాత్రమే కనుక, పరిమాణం విషయంలో అమ్మకందారు చెప్పింది అబద్ధం కాదు. అయితే దఫాలు పెంచడం ఉచితంగా రాదు: వేగం రెట్టింపైతే ఉష్ణ బదిలీ సుమారు 60 శాతమే పెరుగుతుంది, ఒత్తిడి నష్టం మూడు నుంచి నాలుగు రెట్లవుతుంది. మీ పాల పంపు, బోరు మోటారు ఆ ఒత్తిడిని ఇవ్వగలవో లేదో అమ్మకందారు చేత కాగితం మీద రాయించుకోండి. దఫాలున్న యంత్రానికి పైపులు రెండు చివరల పలకలకూ వస్తాయి కాబట్టి, కడగడానికి విప్పినప్పుడల్లా ఒక వైపు పైపులు కూడా ఊడదీయవలసి ఉంటుంది; ఆ జాగా ముందే వదలండి.

ఇక నీటి సంగతి. శుభ్రమైన ప్లేటు మీద ఉష్ణ ప్రవాహానికి ఉండే నిరోధం 2500కు విలోమం, అంటే 0.0004. నీటి వైపు అర మిల్లీమీటరు సున్నపు పొర పేరుకుంటే అది మరో 0.00025 నిరోధాన్ని కలుపుతుంది; గుణకం 2500 నుంచి 1540కి పడిపోతుంది. అదే పొర మీ పాత చుట్ట మీద పేరుకుంటే, దాని నిరోధం మొదటి నుంచీ 0.0025 ఉన్నది కనుక, నష్టం 10 శాతం లోపే. పాత డ్రమ్ము ఏళ్ళ తరబడి మురికిని ఓర్చుకున్నదంటే అది గొప్ప యంత్రమని కాదు, మొదటి నుంచీ మందకొడిది కావడమే కారణం. పైన మనం ఉంచిన 19 శాతం అదనపు వైశాల్యం 0.15 మిల్లీమీటర్ల పొరతోనే ఖర్చయిపోతుంది. కాబట్టి బోరు నీటి కఠినత్వాన్ని పరీక్ష చేయించి, ఎక్కువగా ఉంటే యంత్రం ధరలో నీటిని మెత్తబరిచే సాధనం ధరను కూడా కలిపి ఆలోచించండి. అది లేకుండా ఈ యంత్రం కొనవద్దనే నేను చెబుతాను.

రెండు పైపులకూ లోపలికి, బయటికి కలిపి నాలుగు థర్మామీటర్లు పెట్టించండి. పాలు, నీరు ఎప్పటి ప్రవాహంలోనే ఉండి, బయటికి వచ్చే పాలు రెండు డిగ్రీలు ఎక్కువగా కనిపిస్తే కడగవలసిన సమయం వచ్చిందన్నమాట. పాల వైపు ప్రతిరోజూ గోరువెచ్చని నీటితో తొలిపి, 70 డిగ్రీల దగ్గర 1 శాతం కాస్టిక్ ద్రావణాన్ని, తర్వాత పలుచని నైట్రిక్ ఆమ్లాన్ని తిప్పాలి. నీటి వైపు సున్నానికి సిట్రిక్ ఆమ్లం చాలును. బజారులో చవకగా దొరికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్టెయిన్‌లెస్ స్టీలులో గుంటలు తొలుస్తుంది, దాన్ని దగ్గరకు రానివ్వవద్దు. చివరగా, పాల వైపు ఒత్తిడి నీటి వైపు కంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువగా ఉండేలా చూడండి. ఏ ప్లేటుకైనా చిల్లి పడితే పాలు నీటిలోకి పోతాయి గాని, బోరు నీరు కాచిన పాలలోకి రాదు. బయటికి వచ్చే 42 డిగ్రీల నీటిని క్యాన్లు కడగడానికి వాడుకోవచ్చును.

ప్రశ్న: రాజాంలో ఇంజనీరింగు చదువుతున్నాను. ఏ ఎక్స్‌ఛేంజర్‌నైనా చిన్నగా చేస్తే దాన్ని కాంపాక్ట్ అనవచ్చునా, లేక దానికి కొలత ఉన్నదా?

జవాబు: కొలత ఉన్నది. గాలి గాని, వాయువు గాని పారే వైపు ఘనపు మీటరు పరిమాణంలో 700 చదరపు మీటర్లకు మించిన ఉపరితలం ఉంటే దాన్ని కాంపాక్ట్ అంటారు. ద్రవాలకు ఈ హద్దు 400గా చెబుతారు. మామూలు గొట్టాల ఎక్స్‌ఛేంజర్ తరచుగా 100 లోపే ఉంటుంది, కారు రేడియేటర్ 1000 దగ్గర ఉంటుంది. అయితే ఈ అంకెను మీ ప్రాజెక్టుకు లక్ష్యంగా పెట్టుకోవద్దు. సందు సగమైతే వైశాల్య సాంద్రత రెట్టింపవుతుంది, కానీ అదే సందు గుండా ఏ రేణువు దూరగలదన్న ప్రశ్న కూడా అంతకంత కఠినమవుతుంది. లోహపు రేకుల మీద రసాయనంతో ఒకటి రెండు మిల్లీమీటర్ల కాలువలు చెక్కి, వేడితో, ఒత్తిడితో ఆ రేకులను ఒకే దిమ్మగా కలిపేసే పద్ధతి ఒకటున్నది. వందల బార్ల ఒత్తిడిని తట్టుకునే ఆ దిమ్మను విప్పి కడగడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: భోగాపురం తీరాన రొయ్య పిల్లల హేచరీ నడుపుతున్నాము. చలికాలంలో 10,000 లీటర్ల సముద్రపు నీటిని 25 నుంచి 29 డిగ్రీలకు తేవాలి. కొన్న స్టెయిన్‌లెస్ ప్లేట్ల యంత్రం ఒక్క సీజనుకే చిల్లులు పడింది. రాగి గొట్టాలు మంచివని ఒకరు, అతుకు పెట్టిన ప్లేట్లు మంచివని మరొకరు చెబుతున్నారు.

జవాబు: రెండు సలహాలూ మీ పనికి చేటు చేసేవే. రాగి అయాన్లు కొద్దిపాటిగా ఉన్నా రొయ్య పిల్లలకు విషమే. అతుకు పెట్టిన యంత్రంలో ప్లేట్లు స్టెయిన్‌లెస్ స్టీలువైనా, వాటిని కలిపే అతుకు సాధారణంగా రాగిదే. బయటికి కనిపించదు కాబట్టి కొనేవారు మోసపోతారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 19 గ్రాముల క్లోరైడు ఉంటుంది. గాస్కెట్ (ప్లేట్ల మధ్య కారకుండా పెట్టే రబ్బరు పట్టీ) కింద నీరు కదలకుండా నిలిచే సన్నని సందులలో అది తుప్పును బాగా తట్టుకునే 316 రకం స్టీలును సైతం తొలిచివేస్తుంది. మీకు తగినవి గాస్కెట్లతో బిగించే టైటానియం ప్లేట్లు.

టైటానియం రాగి అంత బాగా వేడిని ప్రసరింపజేయదన్న మాట నిజమే గాని, అర మిల్లీమీటరు ప్లేటు నిరోధం 0.000025 మాత్రమే. మొత్తం నిరోధంలో అది పదో వంతు కూడా కాదు కాబట్టి, ఆ దిగులు అక్కర్లేదు. ధర సంగతికి వస్తే, మీకు కావలసిన వేడి 1,64,000 కిలోజౌళ్ళు. అయిదు గంటలలో ఇవ్వదలిస్తే 9 కిలోవాట్లు. 45 డిగ్రీల మంచి నీటిని మూసిన వలయంలో తిప్పుతూ వేడి చేస్తే అర చదరపు మీటరు టైటానియం కూడా ఖర్చు కాదు. వేడి నీటిని అంతకు మించి కాచవద్దు; గోడ ఎంత వేడిగా ఉంటే సముద్రపు నీటిలోని లవణాలు అంత త్వరగా దాని మీద పేరుకుంటాయి. ఇసుక ఫిల్టరు దాటిన నీటినే లోపలికి పంపండి. తొట్టె నిండా నీరు నిలిపి పెట్టిన రోజులలో యంత్రంలోని ఉప్పు నీటిని వదిలేసి, మంచి నీటితో తొలిపి ఉంచాలి.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు యూనిట్ మాది. పప్పును ఆరబెట్టే గదికి 70 డిగ్రీల గాలి కావాలి, బాయిలరు ఆవిరి ఉన్నది. ఆవిరి ఒత్తిడి పెంచినా గాలి చాలినంత వేడెక్కడం లేదు. గొట్టాలు లావువి వేయమంటారా?

జవాబు: లావు గొట్టాలతో ప్రయోజనం లేదు. ఆవిరి ద్రవించేటప్పుడు చదరపు మీటరుకు, డిగ్రీకి 10,000 వాట్ల స్థాయిలో వేడిని ఇస్తుంది. మామూలు ఫ్యాను వేగంలో గాలి తీసుకోగలిగేది 50 దగ్గరే. నిరోధమంతా గాలి వైపే ఉన్నప్పుడు ఆవిరి వైపు ఎన్ని మార్పులు చేసినా ఫలితం కనిపించదు. గొట్టాలకు గాలి వైపున అల్యూమినియం రెక్కలు పెట్టించి, ఆ వైపు వైశాల్యాన్ని పది పదిహేను రెట్లు పెంచాలి. రేడియేటర్లలో లాగా రెక్కలను ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎడంతో పెడితే పప్పు మీది ఎర్రని పొర దుమ్ము వాటిని మూసివేస్తుంది; 4 మిల్లీమీటర్ల ఎడం అడగండి, యంత్రం కొంచెం పెద్దదైనా సరే. ఆవిరిని ఆపి, ద్రవించిన నీటిని మాత్రమే బయటికి వదిలే ఆవిరి ట్రాప్ పనిచేస్తున్నదో లేదో ముందుగా చూడండి, గొట్టంలో నీరు నిలిచిపోతే ఆ భాగమంతా వృథాయే.

ప్రశ్న: నరసన్నపేట దగ్గర మా కూల్‌డ్రింకు యూనిట్‌లో ప్లేట్లు విప్పి కడిగి తిరిగి బిగిస్తే కారుతోంది. ఎంత గట్టిగా బిగించినా ఆగడం లేదు.

జవాబు: ఇంకా గట్టిగా బిగించవద్దు, ప్లేట్లు వంగిపోతాయి. యంత్రం మీద వివరాలు రాసిన రేకుపై బిగింపు కొలత, అంటే రెండు చివరల పలకల మధ్య ఉండవలసిన దూరం రాసి ఉంటుంది. టేపుతో నాలుగు మూలలా కొలుస్తూ, బోల్టులను ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ దూరం దగ్గర ఆగాలి. ఆ కొలత దగ్గరే కారుతుంటే, ఒక ప్లేటు తలకిందులుగా పడిందేమో చూడండి: ముడతల బాణాలు ఒక ప్లేటుకు పైకి, తర్వాతి ప్లేటుకు కిందికి మారుతూ రావాలి. వరుస సరిగా ఉన్నా కారితే గాస్కెట్లు గట్టిపడినట్టే, కొత్తవి వేయాలి. బిగింపు పని యంత్రం చల్లారి, లోపలి ఒత్తిడి పూర్తిగా వదిలిన తర్వాతనే చేయాలి. తిరిగి విప్పే ముందు ప్లేట్ల అంచుల మీద ఒక మూల నుంచి మరో మూలకు ఏటవాలుగా రంగు గీత గీసి పెట్టుకుంటే, వరుస తప్పిన ప్లేటు గీత తెగిన చోట కనిపిస్తుంది.