బొటిక్‌కి మిషన్లు: కొత్తవా, సెకండ్ హ్యాండా, అద్దెకా?

ఈసీఐఎల్ దగ్గర షటర్ మాట్లాడుకున్నారు, చేతిలో రెండు లక్షలున్నాయి, టైలరింగ్ మీకే వచ్చు. బ్లౌజులు, డ్రెస్సులు కుట్టే చిన్న బొటిక్‌కి మిషన్లన్నీ కొత్తవి ఈఎంఐలో కొనాలా, సెకండ్ హ్యాండ్ చూడాలా, అద్దెకు తేవాలా అని అడిగారు.

మేము కూకట్‌పల్లిలో కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాం. అన్నీ ఒకే పద్ధతిలో తేవాలని ఎవరు చెప్పినా వినకండి. ఏ మిషన్ ఆగిపోతే ఆ సాయంత్రం కస్టమర్‌కి మొహం చూపించలేమో, అది కొత్తది కొనండి. మిగతావి ఎలా కుదిరితే అలా.

బ్లౌజుల పనికి అలాంటిది సింగిల్ నీడిల్ పవర్ మిషన్. ఏ కంపెనీదైనా మనవాళ్లు జూకి అనే అంటారు. ఒకటి కొత్తది, సర్వో మోటర్‌తో తీసుకోండి. పాత రకం క్లచ్ మోటర్ స్విచ్ వేసిన దగ్గర్నుంచి, మాస్టర్ టీ తాగుతున్నా సరే, గుంయ్‌మని తిరుగుతూనే ఉంటుంది. సర్వో తొక్కినప్పుడే తిరుగుతుంది. షటర్‌కి కమర్షియల్ మీటరే ఉంటుంది కాబట్టి తేడా బిల్లులోనే తెలుస్తుంది. పై అంతస్తులో ఓనర్లుంటే చప్పుడు గొడవా తగ్గుతుంది.

రెండో మిషన్, ఓవర్‌లాక్ (గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టేది), పీకో మిషన్ (చీర అంచులు కుట్టేది) సెకండ్ హ్యాండ్ చాలు. కాకపోతే చూసి తీసుకోవాలి. ముందు మోటర్ మీద ప్లేట్ చదవండి. గార్మెంట్ ఫ్యాక్టరీల నుంచి వచ్చినవి చాలావరకు త్రీ ఫేజ్. మీ షటర్‌కి సింగిల్ ఫేజ్ కనెక్షన్ ఉంటే మోటర్ మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. తర్వాత హెడ్‌ని వెనక్కి వాల్చి కింద ట్రేలో ఆయిల్ చూడండి. నల్లగా, దారం పోగులతో చిక్కబడి ఉంటే దాన్ని ఎవరూ పట్టించుకోలేదని అర్థం. మిషన్ నడిపిస్తే పైనున్న గాజు బిళ్లలో ఆయిల్ చిమ్ముతూ కనిపించాలి. షాపువాడిచ్చే కాటన్ ముక్క మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. మీరే ఒక తెల్ల షిఫాన్ ముక్క, నాలుగు మడతలకు సరిపోయే జీన్స్ గుడ్డ పట్టుకెళ్లండి. షిఫాన్ ముడుచుకోకూడదు, జీన్స్ మీద కుట్టు వదలకూడదు. కాసేపు కుట్టాక నీడిల్ బార్ (సూదిని పట్టుకునే కడ్డీ) దగ్గర నూనె చుక్క దిగిందా చూడండి. పట్టు బ్లౌజ్ మీద ఆ ఒక్క చుక్క పడితే మిషన్ మీద మిగుల్చుకున్నదంతా అక్కడే పోతుంది.

ఐరన్ మాత్రం పాతది వద్దు, దానితోనూ బట్ట పాడవుతుందనే భయం. కటింగ్ టేబుల్ కార్పెంటర్‌తో చేయించుకోండి, మీ ఎత్తుకు తగ్గట్టు.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ చూపించి ఎవరైనా ఊరిస్తే, లక్షల్లో మాట అది. జాబ్‌వర్క్‌కి ఇవ్వండి. డిజైన్‌లో ఎన్ని వేల కుట్లున్నాయో దాన్నిబట్టి రేటు కడతారు. అది కస్టమర్ బిల్లులోకే వెళ్తుంది, ఖాళీగా ఉన్న నెల కిస్తీ టెన్షన్ మీకుండదు. మగ్గం పనికీ ఫ్రేమ్‌లు, కారిగర్లని పెట్టుకోవడం ఆర్డర్లు నిలకడగా వచ్చాక చూసుకోవచ్చు.

అద్దె సీజన్‌కి పనికొస్తుంది. శ్రావణమాసంలో మేము తెలిసిన డీలర్ దగ్గర అదనంగా ఒక మిషన్ నెల అద్దెకు తెచ్చుకుంటాం. ఏడాది పొడవునా అద్దె కడితే కొన్నంత అవుతుంది, మిషన్ మాత్రం మనది కాదు.

ఇక డబ్బు సంగతి. లోన్‌కి బ్యాంకువాళ్లు డీలర్ కొటేషన్ అడుగుతారు, డబ్బు తరచూ నేరుగా డీలర్‌కే వేస్తారు. బిల్లు లేని పాత మిషన్‌కి అది కుదరదు. అందుకే సెకండ్ హ్యాండ్‌వి చేతి డబ్బుతో, కొత్తది లోన్‌తో.

ఏ లోన్ ముందు అన్నదీ ముఖ్యమే. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబర్‌లో మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. పనిముట్లకి 15,000 వరకు ఈ-వోచర్, 5 శాతం వడ్డీకి పూచీ లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు లోన్ ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే, ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లకి లేదు. ముద్ర లోన్ (చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చేది) నడుస్తుంటే ఇది రాదు, అది పూర్తిగా కట్టేశాకే. చాలామంది హడావుడిగా ముద్రలోనే చిన్నదైన 50,000 శిశు లోన్ తీసుకుని, ఆ తర్వాత దీని గురించి వింటారు. మీరే స్వయంగా కుడతారు కాబట్టి ముందు సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)కెళ్లి దీనికి అప్లై చేయండి. అర్హత లేదంటే అప్పుడు ముద్ర చూద్దురు గాని.

షటర్‌కి ఏ ఫేజ్ కనెక్షన్ ఉందో, రోజుకి ఎన్ని బ్లౌజులు అనుకుంటున్నారో రాయండి. రెండో మిషన్ మొదటి నెలలోనే కావాలో లేదో అప్పుడు చెప్తాను.