మీటింగ్ అయిపోయాక తెలిస్తే ఏం లాభం?

ప్రశ్న: మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో గ్యాస్ స్టేషన్ వస్తుందంటున్నారు. జోనింగ్ మీటింగ్ సంగతి ముందే తెలిసేదెలా?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు మీ పోస్టుబాక్సు చూడండి. జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధన, మారుస్తుంటే ఆ స్థలానికి 200 అడుగుల లోపు స్థలాల యజమానులకు సిటీ ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్ విచారణకు కనీసం 10 రోజుల ముందు ఉత్తరం పంపాలని టెక్సాస్ చట్టం. అది యజమానికే వస్తుంది, అద్దెకున్నవాళ్లకు రాదు. నేను అద్దెకున్న రోజుల్లో అలాగే ఒకటి తప్పిపోయింది. ఎదురుగా పునాదులు లేచాకే తెలిసింది!

అప్పట్నుంచి సోమవారం కాఫీ తాగుతూ సిటీ వెబ్‌సైట్లో ఆ కమిషన్ అజెండా చూడటం అలవాటైంది. అందులో మన వీధి పేరు వెతికితే చాలు. ఆ తర్వాత అదే కేసు సిటీ కౌన్సిల్‌కు వెళ్తుంది, అసలు ఓటు అక్కడే. చాలామంది మొదటి మీటింగ్‌కు వెళ్లి, రెండోదానికి ఎగ్గొడతారు.

ఒకటి గుర్తుంచుకోండి. అజెండాలో ‘ప్లాట్’ (plat, అంటే స్థలాన్ని భాగాలుగా విడగొట్టే మ్యాపు) అని ఉంటే మీ అభ్యంతరానికి బలం తక్కువ, నిబంధనలకు సరిపోతే ఆమోదించి తీరాల్సిందే. ‘రీజోనింగ్’, అంటే జోనింగ్ మార్పు, అని ఉంటేనే పట్టు దొరుకుతుంది. మీ కేసులాంటి వ్యాపార స్థలాల విషయంలో, 200 అడుగుల పరిధిలోని భూమిలో 20 శాతానికి యజమానులు రాతపూర్వకంగా వ్యతిరేకిస్తే, కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటే లెక్కలోకి రాదు, సంతకాలు కావాలి. పక్కింటివాళ్ల తలుపు ఇవాళే కొట్టండి.