చూపు తగ్గుతున్నవారు కంటి పరిశోధనల్లో చేరే ముందు ఏమి తెలుసుకోవాలి?

రెటీనా (కంటి లోపలి వెనుక పొర) వ్యాధి ఉన్నవారు పరిశోధనలో చేరితే చూపు మెరుగుపడుతుందా అన్నదే ఇక్కడి అసలు సందేహం. చాలా అధ్యయనాల లక్ష్యం చికిత్స కాదు, సమాచార సేకరణ. వ్యాధి ఏ వేగంతో ముదురుతుందో ఏళ్ల తరబడి గమనించే వాటిలో మందేమీ ఇవ్వరు. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్, చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో కొలిచే దృష్టి క్షేత్ర పరీక్ష, జన్యు పరీక్ష వంటివే చేస్తారు.

కొత్త చికిత్సను మనుషులపై దశలవారీగా పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ సంగతి వేరు. మొదటి దశలో ప్రధానంగా చూసేది భద్రతనే కాబట్టి, తరచుగా చూపు ఎక్కువ తగ్గిన కంటికే మందు ఇస్తారు. తర్వాతి దశల్లో ఎవరికి ఏది అందాలో సాధారణంగా యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు; కొన్నింటిలో సూది గుచ్చకుండానే గుచ్చినట్టు అనిపించే ఉత్తుత్తి ఇంజెక్షన్ కూడా ఉంటుంది. ఆర్‌పీఈ65 అనే జన్యువులోని లోపానికి 2017లో అమెరికాలో ఆమోదం పొందిన జన్యుచికిత్స (సరైన జన్యువును కంట్లోకి పంపే చికిత్స) విషయంలో మాత్రం, మూడో దశ ట్రయల్‌లో పోలిక కోసం ఉంచిన బృందానికి ఏడాది తర్వాత అదే చికిత్స ఇచ్చారు.

సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు గానీ, కంట్లోకి పంపిన జన్యువును వెనక్కి తీయలేరు. పైగా ఒకసారి జన్యుచికిత్స పొందినవారిని తర్వాత వచ్చే మెరుగైన ట్రయల్‌లో చేర్చుకోకపోవచ్చు. నా దృష్టిలో సంతకానికి ముందు అన్నిటికంటే గట్టిగా అడగవలసినది ఇదే. సమ్మతి పత్రాన్ని పెద్ద అక్షరాల్లోనో ఆడియోగానో కోరడానికి మొహమాటపడనక్కరలేదు.

చికిత్సకు డబ్బు అడిగే ‘పరిశోధన’ను అనుమానించాలి. అమెరికాలో ఒక క్లినిక్‌కు డబ్బు చెల్లించి, రెండు కళ్లలోనూ ఒకేరోజు మూలకణాల ఇంజెక్షన్లు వేయించుకున్న ముగ్గురు మహిళలు తీవ్రంగా చూపు కోల్పోయినట్టు 2017లో వైద్య పత్రికలో నమోదైంది.